గోడమ్మ కొలతలు

మా మేనత్త దర్జీ. ఆడవాళ్ల బట్టలు, పిల్లల యూనిఫారాలు, దిండు గలేబులు, కిటికీ తెరలు, ఏది తెచ్చినా కుడుతుంది. ఆవిడ గురించి చెప్పమంటే ఎవరైనా కుట్టుమిషను దగ్గర మొదలుపెడతారు. నేను మాత్రం ప్రతినెలా మొదటి ఆదివారం, ఉదయం పది గంటల దగ్గర మొదలుపెడతాను. పదకొండేళ్లపాటు ఆ ఇంట్లో మా బతుకంతా ఆ గంట చుట్టూనే తిరిగింది. మేం అద్దెకున్న ఆ ఇంటి యజమాని, ఇంటాయన, తనిఖీకి వచ్చే గంట అది.

తన ఇల్లు తను వచ్చి చూసుకుంటే తప్పేముంది అంటారేమో. తప్పని నేనూ అనను. చూస్తే బాగుండేదన్నదే నా గొడవంతా.

ఆయన పట్టపగలు టార్చిలైటు పట్టుకుని వచ్చేవాడు. అందుకే మేం ఆయనకు టార్చిలైటు అనే పేరు పెట్టుకున్నాం. చంకలో నీలం అట్ట పుస్తకం, చెవి మీద పెన్సిలు. అత్త తెల్లవారుజామునే లేచి అద్దంలా తుడిచిన నేల మీద బురద బూట్లతో టకటకా నడిచేవాడు. కిటికీ చువ్వలు లెక్కపెట్టేవాడు, నెలకొకటి మేం నమిలి తినేస్తున్నట్టు. కుళాయిలు తిప్పి చూసేవాడు. తలుపులు మూసి తెరిచి, తెరిచి మూసి చూసేవాడు. మంచాల కిందికి లైటు కొట్టేవాడు. కుట్టడానికి వచ్చిన బట్టల మూటల్ని బూటు కొసతో పక్కకు జరిపేవాడు. ఒకసారి నా బట్టల బీరువా కూడా తెరిచాడు.

"వెనక గోడకి చెమ్మేమైనా ఉందేమోనమ్మా, అంతే" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరవబోతే మామయ్య నా చెయ్యి నొక్కాడు. మామయ్యంటే అత్త భర్త. ఇరవై ఎనిమిదేళ్లు బస్సు కండక్టరుగా చేసి, నిండు బస్సులో అందర్నీ ముందుకు జరగండని గొంతు చించుకుని అరిచిన మనిషి, ఈయన కనబడగానే తనే గోడకు అతుక్కుని దారి ఇచ్చేవాడు.

అంతా అయ్యాక టార్చిలైటు నీలం పుస్తకంలో "అన్నీ బాగున్నాయి" అని రాసి, తేదీ వేసి, అత్త ముందు పెట్టేవాడు. అత్త సంతకం చేసేది. నెల తర్వాత నెల, ఏడాది తర్వాత ఏడాది, ఆ మాట కింద ఆవిడ సంతకమే.

ఇల్లంటే మహా సౌధమేం కాదు. ముందు గది, వెనక గది, వంటిల్లు, పెరట్లో స్నానాల గది. నేను రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులు ఇచ్చే కౌంటరులో పనిచేస్తాను. ఆ ఉద్యోగం వచ్చాక అత్తావాళ్ల దగ్గరే ఉండిపోయాను, వెనక గదిలో నాకో మూల ఇచ్చారు. ఆ ఇంటికంతటికీ ప్రాణం ముందు గది. వీధి మలుపు మీద ఉంటుంది. పెద్ద కిటికీ లోంచి పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా వెలుతురు నేరుగా మిషను మీద పడుతుంది. అత్తకు ఒక కంటి చూపు కొంచెం తక్కువ. బల్బు వెలుతురులో నల్ల దారం నల్ల బట్ట మీద కనబడదు. బడి నుంచి వచ్చే తల్లులకు, ఆసుపత్రి నుంచి డ్యూటీ దిగివచ్చే నర్సులకు ఆ మలుపు గది గుర్తు. "కిటికీ టైలరమ్మ" అంటే ఆ చుట్టుపక్కల ఎవరైనా చెయ్యి చూపిస్తారు. ఆ కిటికీ పోతే టైలరమ్మ లేదు. అత్తకు ఆ సంగతి నాకంటే, మామయ్యకంటే బాగా తెలుసు.

మొదటి ఏడాది అత్త ఒక పొరపాటు చేసింది. నిజం చెప్పింది. స్నానాల గదిలో కుళాయి కారుతుంటే, తనిఖీ రోజు తనే తీసుకెళ్లి చూపించింది. ఇంటాయన కుళాయి వంక, అత్త వంక చూసి, పుస్తకంలో "అద్దెకున్నవాళ్ల నిర్లక్ష్యం" అని రాశాడు.

"ఇంకోసారి ఇలాంటిది నా కంటబడిందంటే ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వస్తుందమ్మా. ముందే చెబుతున్నా" అన్నాడు.

అరిగిపోయిన వాషరు ఆవిడ నిర్లక్ష్యమట! ఆ కుళాయి మేం రాకముందు ఎన్నేళ్లుగా అక్కడుందో ఆయనకే తెలియాలి. కానీ ఆ మాట మామయ్య గుండెలో మేకులా దిగిపోయింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఒక చట్టం పుట్టింది. ఏదీ ఇంటాయన కంట పడకూడదు.

అప్పట్నుంచి ప్రతి తనిఖీకి ముందురోజు, అంటే శనివారం, మిషను ఆగిపోయేది. అత్త చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని రంగంలోకి దిగేది. కుళాయి వాషర్లు మార్చేది. తలుపు బందులకు నూనె పోసేది. వంటింటి గట్టు పగిలితే డబ్బా మూతలో సిమెంటు కలిపి పూసేది. ఏడాదికోసారి తనే సున్నం వేసేది. ఆవిడ చేసినవన్నీ అసలు ఇంటి యజమాని చెయ్యాల్సినవి. మామయ్య పని కప్పిపుచ్చడం. కొంచెం పెచ్చు ఊడిన చోట క్యాలెండరు, స్విచ్చు బోర్డు పగిలిన చోట టోపీ తగిలించేవాడు. ఆ గోడకు అన్ని క్యాలెండర్లు ఎందుకో ఇంటాయన ఒక్కనాడూ అడగలేదు. పైగా పక్కవీధిలో తన ఇంకో ఇంట్లో ఉన్నవాళ్లతో, "మలుపింటి వాళ్లని చూసి నేర్చుకోండి. నేను నెలనెలా చూసుకుంటాను కాబట్టే ఆ ఇల్లు అలా ఉంది" అని చెప్పుకునేవాడట.

నేను చూసుకుంటాను కాబట్టేనట! ఆ మాట విన్నరోజు నేను అన్నం తినలేకపోయాను.

మూడో ఏడాది ఆయన డాబా మీద పెద్ద నీళ్ల తొట్టి కట్టించాడు. పైన ఒక గది వేసి అద్దెకిద్దామనుకున్నాడు. గది వెయ్యలేదు కానీ తొట్టి మాత్రం నిండుగా, సరిగ్గా మా ముందు గది నెత్తిన కూర్చుంది. నాలుగు నెలలకు కిటికీ పక్క గోడ మీద, పైకప్పు మూలనుంచి సన్నటి పగులు కిందికి దిగింది.

"చూపిద్దాం అత్తా. అది కుళాయి కాదు, గోడ" అన్నాను.

"చూపిస్తే ఏం రాస్తాడో తెలుసుగా?" అంది అత్త. మామయ్య అప్పటికే క్యాలెండరు వెతుకుతున్నాడు. క్యాలెండరు చాల్లేదు.

అప్పుడు అత్త మెడలో టేపు తీసి, స్టూలు ఎక్కి ఆ పగులుకు కొలత తీసింది. గుడ్డ కత్తిరించాలంటే కొలత ఉండాలి కదా, ఆవిడ కొలత లేకుండా చేతిరుమాలు కూడా కత్తిరించదు. కొలతల పుస్తకంలో మిగతా ఖాతాదారుల్లాగే దానికీ ఒక పేజీ తెరిచింది. పేరు రాయాల్సిన చోట కాసేపు ఆలోచించి "గోడమ్మ" అని రాసింది. కొలత తీసిన తేదీ, శనివారం. ఇవ్వాల్సిన తేదీ, ఆదివారం. నేను పకపకా నవ్వాను. స్టూలు కదలకుండా పట్టుకుంది నేనే కాబట్టి, ఆ నేరంలో నాకూ వాటా ఉంది.

మిగిలిపోయిన గుడ్డముక్కలతో, ఎర్రవీ పసుపువీ చుక్కలవీ చారలవీ, ఒక వేలాడే తెర కుట్టి పగులు మీద తగిలించింది. మరుసటి నెలకు గోడమ్మ పెరిగింది. మళ్లీ కొలత, మళ్లీ అడుగున ఇంకో ముక్క అతుకు. అలా ప్రతి తనిఖీ ముందు శనివారం గోడమ్మకు కొలతలు తియ్యడం, పెరిగినంత మేర తెర పెంచడం. ఏళ్లు గడిచే కొద్దీ అది రంగురంగుల తెరగా, నిజం చెప్పొద్దూ, చూడముచ్చటగా తయారైంది. వచ్చిన ఆడవాళ్లు అలాంటిది మాకూ కుట్టమని అడిగేవాళ్లు. అత్త మొహమాటంగా నవ్వి మాట తప్పించేది.

తప్పించలేని మనిషి ఒక్కడే. ఆరో ఏడు తనిఖీలో టార్చిలైటు ఆ తెర ముందు ఆగిపోయాడు. ఆయన దాని అంచు పట్టుకుని, వేళ్లతో నలిపి, కుట్టు మీదికి లైటు కొట్టి చూశాడు.

"బ్రహ్మాండంగా ఉందమ్మా. మా హాల్లోకి ఇలాంటిదొకటి కుట్టిపెట్టు" అన్నాడు.

ఆ నెల అత్త గోడమ్మకూ, గోడమ్మ యజమానికీ ఇద్దరికీ కుట్టింది. ఆయన దాన్ని మడిచి చంకలో పెట్టుకుపోయాడు. ఒక్క మాట, ఒక్క కృతజ్ఞత, ఏదీ లేదు.

కిందటేడు ఒక మంగళవారం, ఉదయం పదకొండు గంటలకు, అత్త దాహమై వంటింట్లోకి వెళ్లింది. గ్లాసు నోటి దగ్గర పెట్టుకునేలోపు ముందు గదిలో ఇల్లు కూలినంత చప్పుడైంది. పైకప్పు పెచ్చు, తలుపు పలకంత, గోడ పైభాగంతో సహా ఊడి మిషను మీద పడింది. మిషను చక్రం విరిగింది. ఆవిడ రోజూ కూర్చునే స్టూలు మధ్యకు చీలిపోయింది. నేను ల్యాబు నుంచి పరుగెత్తుకొచ్చేసరికి అత్త గుమ్మంలో నిలబడి, చేతిలో ఆ గ్లాసు అలాగే పట్టుకుని ఉంది. నీళ్లు తాగనే లేదు.

ఇంటాయన గంటలో వచ్చాడు. అత్తకు దెబ్బ తగిలిందా అని అడగలేదు. పైకి చూశాడు, కిందికి చూశాడు, నీలం పుస్తకం తెరిచాడు.

"ప్రతినెలా వచ్చి చూశాను. ప్రతినెలా బాగానే ఉంది. ఈ సంతకాలు నీవే కదమ్మా?"

"నావేనండీ."

"మరి మూడు వారాల్లో ఇలా ఎలా అయింది? గోడకి మేకులు కొట్టారు. పగలంతా మిషను తొక్కి తొక్కి అదరగొట్టారు. నా ఇల్లు నాశనం చేసి పెట్టారు. గోడ బాగు చేయించి, వచ్చే నెలాఖరుకి ఖాళీ చెయ్యండి."

మిషను అదురుకు పైకప్పు కూలిందట! విన్నారా? టన్నులకొద్దీ నీళ్లు మోస్తున్న తొట్టి ఏమీ అనలేదట, మా అత్త కాలు ఆడిస్తే కూలిందట! "కాస్త ముందు పడి ఉంటే ఏం జరిగేదో తెలుసా మీకు?" అని అరిచాను. "నువ్వూరుకోమ్మా" అన్నాడు మామయ్య, నాతో. ఆయనతో కాదు.

ఊరుకోలేదు. మరుసటి రోజు సెలవు పెట్టి మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి అర్జీ పెట్టాను. రెండు వారాల్లో ఇంజనీరు వచ్చి చూస్తారని, ఇంటాయన కూడా ఉండాలని కాగితం వచ్చింది. ఆ కాగితం చూసి మామయ్య కుర్చీలో కూలబడ్డాడు. అత్త మాత్రం బీరువా అడుగునుంచి అయిదు పాత కొలతల పుస్తకాలు తీసి, వంటింటి బల్ల మీద వరుసగా పేర్చింది.

"అవి బయటపెట్టావంటే మనమే దాచామని మన చేత్తో రాసిచ్చినట్టే" అన్నాడు మామయ్య. "కుక్కిన పేనుల్లా పడి ఉంటే ఇంకో ఇల్లయినా దొరుకుతుంది."

"ఇల్లు దొరుకుతుందండీ" అంది అత్త. "కిటికీ దొరకదు."

అంతే అంది. కానీ పుస్తకాలు చూపిస్తానని కూడా అనలేదు. వాటిని మళ్లీ బీరువాలో పెట్టేసింది. నాకు ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. సంతకాలు పెట్టిపెట్టి ఆవిడకు భయమే అలవాటైపోయిందనుకున్నాను.

ఇంజనీరు నలభై దాటిన ఆవిడ. జోళ్లు గుమ్మం దగ్గర దులుపుకుని లోపలికి వచ్చింది. చేతిలో చిన్న సుత్తి. ముందు డాబా ఎక్కి తొట్టి చుట్టూ తిరిగి చూసి, కిందికి దిగి గోడను అక్కడక్కడా సుత్తితో తట్టింది. అప్పటికే టార్చిలైటు నీలం పుస్తకం విప్పి ఆవిడ వెంటే తిరుగుతున్నాడు.

"నేను చాలా శ్రద్ధగా చూసుకునే మనిషినండీ. ఒక్క నెల తప్పలేదు. చూడండి, అన్నీ బాగున్నాయి, అన్నీ బాగున్నాయి. కింద వాళ్ల సంతకమే."

"ఈ పగులు ఎన్నాళ్ల నుంచి ఉంది?" అని ఇంజనీరమ్మ అడిగింది.

"కూలడానికి ముందు మూడు వారాల్లోనే వచ్చిందండీ. అంతకుముందు తనిఖీలో లేదు" అన్నాడు ఆయన.

ఇంజనీరమ్మ అత్త వైపు తిరిగింది. అత్త మామయ్య వైపు చూసింది. మామయ్య నేల వంక చూశాడు. అత్త లోపలికి వెళ్లిపోయింది. సరే, అయిపోయింది, కిటికీ పోయింది అనుకున్నాను. మరుక్షణం ఆవిడ అయిదు పుస్తకాలు గుండెలకు హత్తుకుని వచ్చి, ఇంజనీరమ్మ చేతిలో పెట్టింది.

"గోడమ్మ అన్న పేజీ చూడండమ్మా."

"గోడమ్మెవరు?"

"ఈ గోడేనండీ."

ఇంజనీరమ్మ మొదట నవ్వింది. ఆ తర్వాత నవ్వలేదు. నిలబడే ఒక్కో పేజీ చదివింది, పైకే. పొడవు తొమ్మిది అంగుళాలు, వెడల్పు వెంట్రుక. పొడవు ఇరవై రెండు, సూది దూరుతుంది. పొడవు నలభై ఒకటి, గుండీ దూరుతుంది, చెమ్మ అరచెయ్యంత. చివరి పేజీలో పొడవు అరవై నాలుగు, కత్తెర మొన దూరుతుంది, చెమ్మ చంటిపిల్లాడి చొక్కా అంత. ప్రతి దాని పక్కనా తేదీ. ఇవ్వాల్సిన తేదీ ప్రతిసారీ నెలలో మొదటి ఆదివారం.

"పైన తొట్టి ఎప్పుడు కట్టించారు?" అని అడిగింది ఇంటాయన్ని.

ఆయన నసిగి నసిగి చెప్పాడు. గోడమ్మ మొదటి పేజీకి నాలుగు నెలల ముందు. అంతలోనే ఆయన గొంతు లేచింది.

"చూశారా! తెలిసీ దాచిపెట్టారు! నా దగ్గర సంతకాలు, లోపల దొంగ లెక్కలు! ఇది మోసం కాదా?"

అత్త ఆయన వైపు తిరిగింది. పదకొండేళ్లలో ఆవిడ ఆయన మొహంలోకి సూటిగా చూడడం నేను అదే మొదటిసారి చూశాను.

"దాచానండీ. తప్పే. కుళాయి చూపిస్తే నిర్లక్ష్యం అని రాశారు. గోడ చూపిస్తే ఏం రాస్తారోనని దాచాను. కానీ దాచింది దేంతోనండీ? గుడ్డముక్కతో. మీరు మంచాల కింద చూశారు. పిల్ల బీరువాలో చూశారు. చువ్వలు లెక్కపెట్టారు. ఎనిమిదేళ్లు టార్చిలైటు పట్టుకొచ్చి, ఆ గుడ్డ ఎత్తి ఒక్కసారైనా చూడలేదేమండీ?"

"అది... ఆ గుడ్డ నేను గమనించలేదు" అన్నాడాయన.

"గుండీ దూరుతుందన్న పేజీ పక్కది తిప్పండమ్మా" అంది అత్త.

ఇంజనీరమ్మ తిప్పింది. "ఇంటాయన హాలుకి తెర. గోడమ్మది లాంటిదే." తేదీ కూడా ఉంది.

"ఆ రోజు దాన్ని చేత్తో పట్టుకుని నలిపి చూశారు" అంది అత్త. "అప్పటికి పగులు నలభై ఒక్క అంగుళాలు."

ఆయన మొహం మాడిపోయింది. ఇలా రాస్తున్నప్పుడు కూడా నాకు ఆ మొహం గుర్తొస్తే కడుపు చల్లగా ఉంటుంది, దాచడమెందుకు.

ఇంజనీరమ్మ అక్కడే బల్ల మీద కూర్చుని కాగితం రాసింది. తొట్టి నీళ్లు ఆ రోజే ఖాళీ చెయ్యాలి. తొట్టి అక్కణ్ణుంచి తీసెయ్యాలి. కప్పు, గోడ యజమానే బాగుచేయించాలి. ఈ కారణం మీద ఎవరినీ ఖాళీ చేయించకూడదు. వెళ్లబోతూ అత్తను కూడా వదల్లేదు.

"మీరు చేసింది కూడా చిన్న తప్పు కాదమ్మా. సరిగ్గా మీరు కూర్చునే చోట పడింది."

అత్త తలదించుకుంది. నేనూ దించుకున్నాను. కొలత తీసేటప్పుడు ఆవిడ ఎక్కిన స్టూలు ఎన్నోసార్లు పట్టుకున్న చేతులు నావి.

అందరూ న్యాయం జరిగిందన్నారు. నాకు మాత్రం ఇంకా మంటే. ఎనిమిదేళ్ల శనివారాలు ఎవరిస్తారు? ఆవిడ పూసిన సిమెంటు, వేసిన సున్నం, మార్చిన వాషర్లు? చక్రం అతికించినా మిషను ఇప్పుడు నడుస్తున్నంతసేపూ కిర్రుమంటుంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాకు ఆ గ్లాసు గుర్తొస్తుంది.

మేస్త్రీలు వెళ్లిపోయిన తర్వాత వచ్చిన మొదటి ఆదివారం, పది గంటలకు, టార్చిలైటు వచ్చాడు. అలవాటు ఎక్కడికి పోతుంది! అయితే బూట్లు గుమ్మం బయటే విప్పాడు. ముందురోజు అత్త నేల తుడవలేదు. గోడ మీద క్యాలెండరు ఒక్కటే ఉంది, అదీ ఈ ఏటిది. రంగురంగుల తెర మడిచి బీరువాలో పెట్టేసింది. గోడ పచ్చి సిమెంటు రంగులో బోసిగా ఉంది, పైమూల దగ్గర మాత్రం మళ్లీ ఒక సన్నటి గీత.

ఆయన గీత వంక చూసి చూడనట్టు నీలం పుస్తకం తెరిచాడు. చెవి మీది పెన్సిలు తీశాడు.

"ఆగండి" అంది అత్త. "ముందు నా పుస్తకం."

మెడలో టేపు తీసింది. మామయ్య లేచి వచ్చి, ఎవరూ చెప్పకుండానే కొత్త స్టూలు తెచ్చి గోడ పక్కన వేశాడు. అత్త స్టూలు ఎక్కలేదు. టేపు ఒక కొస ఇంటాయన వైపు చాచింది.

"మీరు ఎక్కండి. ఆ చివర పట్టుకోండి. సరిగ్గా చూసి చెప్పండి, ఎంతుందో. రాసుకున్నాక కింద మీ సంతకం కావాలి."

ఆయన స్టూలు వంక చూశాడు, టేపు వంక చూశాడు, మా ముగ్గురి వంకా చూశాడు. తర్వాత టార్చిలైటు కిటికీ గట్టు మీద పెట్టి, స్టూలు ఎక్కాడు.